నేటి ఫోటో

జనవరి ఒకటవ తేదీన సూర్యోదయమును తీసితిరి. రెండవనాడు మేడమీది కుండీలో విచ్చిన గులాబీని, మూడవనాడు కాఫీ గ్లాసునుండి లేచుచున్న ఆవిరిని తీసితిరి. సంక్రాంతి రాగానే ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, గాలిపటములు, ఇట్లు నాలుగైదు దినములు ప్రయత్నము లేకయే గడచినవి. పండుగ వెళ్లిన పిమ్మట ఒకనాడు ఆఫీసునకు పోయి, సాయంకాలము కిటకిటలాడు బస్సులో నిలుచుండి ఇల్లు చేరి, భోజనము ముగించి దీపమార్పబోవుచుండగా, ఆనాటి ఫోటో తీయలేదన్న మాట తటాలున జ్ఞప్తికి వచ్చినది. ఈ గదిలో తీయదగినదేమున్నదని నలుప్రక్కల చూచి, ఏమియు కానరాక, రేపు రెండు తీసెదనులెమ్మని పడుకొంటిరి. ఆ రెండును ఇంతవరకు తీయలేదు. నిజమేనా?

నిజమైనచో సిగ్గుపడ పనిలేదు. కాని కారణమును సరిగా తెలిసికొనక మరల ప్రారంభించినచో మరల సంక్రాంతికే ఆగిపోవుదురు. తీరిక లేదందురా? ఫోను జేబులోనుండి తీసి మీట నొక్కుటకు పట్టు కాలమెంత? మంచి కెమెరా లేదందురా? ఇప్పటి సామాన్యమైన ఫోను చీకటి గదిలో సైతము పట్టగలిగినంత పూర్వకాలపు పెట్టె కెమెరాలు పట్టలేకుండెడివి. అసలు దోషము మీ సంకల్పములోనే యున్నది. మీరు ప్రతిదినమును ఒక మంచి ఫోటో తీయవలెనని పూనితిరే గాని, ప్రతిదినమును ఒక ఫోటో తీయవలెనని పూనలేదు.

మంచి ఫోటో వెలుతురును, చోటును, కొంతవరకు అదృష్టమును ఆశ్రయించి యుండును. నేటి ఫోటో మిమ్ము తప్ప మరెవ్వరిని ఆశ్రయింపదు. తెల్లవారుజామున లేచి వాకిట కల్లాపి చల్లి ముగ్గు వేయు ఇల్లాలు, ఈనాటి ముగ్గునకు పోటీలో బహుమానము వచ్చునా అని ఆలోచించునా? వాకిలి బోసిగా ఉండరాదని వేయును. ఆ వేయుటలోనే చేయి తిరుగును. పండుగనాడు వీథివారందరు నిలిచి చూచు రథము ముగ్గు ఆ చేతినుండియే వెలువడును.

మరియొక సంగతి ఆలోచింపుడు. పదేండ్ల క్రిందటి సూర్యోదయపు ఫోటోకును నిన్నటి సూర్యోదయపు ఫోటోకును గల భేదమును పోల్చగలవారెవ్వరు? కాని పదేండ్ల క్రిందట మీ వంటయిల్లు ఎట్లుండెనో చూపు ఫోటో యొకటి, మసకగా, వంకరగా తీసినదే యైనను, నేడు చేతికి చిక్కినచో ఏమి చేయుదురు? గోడమీది క్యాలెండరును, డబ్బాలపై అంటించిన చీటీలలో మీ తల్లిగారి చేతివ్రాతను, ఇప్పుడు లేని ఆ మిక్సీని, తలుపు చాటున సగము కనబడుచున్న చంటివాని పాదమును పెద్దవి చేసి చేసి చూడరా? ఫోటోలోని అందము తీసిననాడే తేలిపోవును. దానిమీది తేదీకి విలువ వచ్చుటకు మాత్రము ఏండ్లు పట్టును.

అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అను యువకుడు, బార్డ్ కాలేజీ విద్యార్థిగా నున్నప్పుడు, 1979 మార్చి 31వ తేదీన పోలరాయిడ్ కెమెరాతో ఒక ఫోటో తీసెను. అది మొదలు రోజునకొకటి చొప్పున, న్యూయార్కులో సినిమా పనులు చేసికొనుచు బ్రదికిన కాలమంతయు తీయుచు వచ్చి, తన నలుబదియొకటవ జన్మదినమైన 1997 అక్టోబరు 25వ తేదీన, క్యాన్సరు వ్యాధితో కన్నుమూసిననాడు గాని ఆపలేదు. ఆయన వాడిన ఎస్ఎక్స్-70 రకపు కెమెరాలో ఫిల్ము పెట్టెకు పది బొమ్మలు మాత్రమే. మీట నొక్కగానే కాగితము బయటికి వచ్చి కండ్లయెదుటనే రూపము తేలును. నెగటివు లేదు గనుక అదియే మొదటిది, అదియే కడపటిది. ఆయన ఫోటోలలో ఏమున్నవి? స్నేహితులు, విందులు, వీథులు, గదులు, టెలివిజను తెర. కొన్ని నల్లబడినవి, కొన్ని చెదరినవి. విడివిడిగా చూచినచో వానిలో అనేకమునకు ఏ పోటీలోను స్థానము దొరకదు. కాని మరణానంతరము స్నేహితులు వానినన్నింటిని తేదీల క్రమమున పేర్చి, 2007లో అదే బార్డ్ కాలేజీలో ప్రదర్శించినప్పుడు, పదునెనిమిదేండ్ల జీవితము, కడపటి మాసములో జరిగిన వివాహముతో సహా, గోడలమీద పరచుకొని నిలిచెను.

దీనికి భిన్నమైన మార్గము కూడ కలదు. జిమ్ బ్రాండెన్‌బర్గ్ అను ప్రసిద్ధ ప్రకృతి ఛాయాగ్రాహకుడు 1994లో, శరద్విషువత్తు మొదలు దక్షిణాయనాంతము వరకు గల తొంబది దినములు, ఉత్తర మిన్నెసోటా అరణ్యములలో తిరుగుచు, దినమునకు ఒక్కసారి మాత్రమే మీట నొక్కెదనని నియమము పెట్టుకొని దానిని నిర్వహించెను. ఆ ఫోటోలు 1997లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడినవి. ఇది మహత్తరమైన సాధన. కాని క్రొత్తగా ప్రారంభించువారు దీని జోలికి పోరాదని నా నిశ్చితాభిప్రాయము. ఆయన చేయి అప్పటికే తిరిగినది. పైగా ఆయన గడువు తొంబది దినములే. మనకు ప్రస్తుతము లివింగ్‌స్టన్ దారియే క్షేమము. ఇక పనిలోనికి దిగుదము.

1. గడువును చిన్నది చేసికొనుడు. మూడువందల అరువదియైదు అను సంఖ్య వినుటకు గంభీరముగా నుండును గాని, పదునైదవనాడు దానివంక చూచినచో గుండె జారును. మొదట ముప్పది దినములు చాలును. జనవరి ఒకటికొరకు గాని, ఉగాదికొరకు గాని, మంచిరోజుకొరకు గాని వేచియుండకుడు. ఈ పుట చదువుచున్న గదియే మొదటి ఫోటో కావచ్చును.

2. ఉన్న ఫోనునే వాడుడు. కాని దాని కన్ను తుడువుడు. ఇది నవ్వులాటగా చెప్పుట కాదు. జేబులో, సంచిలో, వంటయింటి గట్టుమీద తిరుగు ఫోను అద్దముపై చెమటయు నూనెయు పేరుకొని, దీపముల చుట్టును వెలుతురు అలికినట్లగును. చాలమంది తమ ఫోను పాడైనదని తలంచునది ఈ జిడ్డునే. మెత్తని నూలుగుడ్డతో ఒకసారి తుడిచిన చాలును.

తరువాత జూమ్‌ను మరువుడు. తెరమీద రెండు వ్రేళ్లు చాచినప్పుడు చాల సందర్భములలో ఫోను చేయునది బొమ్మ అంచులను కత్తిరించి మిగిలినదానిని సాగదీయుట మాత్రమే. రెండడుగులు ముందునకు వేయుట అంతకంటె మేలు. వెలుతురు విషయమున ఒక్క రహస్యము తెలిసికొన్న చాలును: కెమెరా తన యెదుటనున్నదంతయు మధ్యరకపు కాంతి కలదని ఊహించి లెక్క కట్టును. కావుననే కిటికీకి వీపు పెట్టి కూర్చున్న తాతగారి ముఖము నల్లబడును. ఎండలో ఆరవేసిన తెల్లని పంచె బూడిదరంగు తిరుగును. తెరమీద తాతగారి ముఖమును వ్రేలితో తట్టి, ప్రక్కన కనబడు సూర్యుని గుర్తును పైకి జరుపుడు. పంచెకు కూడ అట్లే కొంచెము పైకి జరుపుడు. అన్నిటికంటె సులువైన ఉపాయము, తాతగారిని లేపి కిటికీవైపు తిప్పి కూర్చుండబెట్టుట. మన దేశపు ఎండ పది గంటలు దాటిన పిమ్మట ముఖములమీద కంటిక్రింద నల్లని గుంటలు వేయును. ఆ వేళలో వసారా నీడను మించిన స్టూడియో లేదు.

3. రాత్రి పదకొండు గంటలకొరకు ఒక పట్టిక సిద్ధముగా ఉంచుకొనుడు. ఈ అధ్యాయములో ఒక్క సూచనను మాత్రమే పాటింపగలవారు దీనినే పాటింతురు గాక. ఏలయన ఈ వ్రతములు భగ్నమగునది పగటివేళ కాదు, దీపమార్పు సమయముననే. అప్పటికి మనస్సు అలసియుండును. క్రొత్త విషయమును వెదకు శక్తి దానికుండదు. కాబట్టి ముందుగనే వెదకి వ్రాసియుంచుడు. వాకిటి చెప్పులు. రేపటి దోసెలకు నానవేసిన మినపపప్పు. చొక్కా జేబులో మిగిలిన బస్సు టిక్కెట్టు. కరెంటు మీటరులోని అంకెలు. బడిసంచి, దానిప్రక్కన నీళ్లసీసా. మందుల డబ్బా. కిరాణా చీటీ. బోర్లించిన కంచములు. ఇట్టివి ఇరువది వ్రాసికొన్నచో ఒక సంవత్సరములోని అలసిన రాత్రులన్నిటికి సరిపోవును. ఏలయన అదే మీటరును ఆరు నెలల తరువాత తీసినచో అంకెలు మారియుండును.

ఇంటివారు మొదట వింతగా చూతురు.

"ఏమండీ, అర్ధరాత్రి ఆ చెప్పులకు ఫోటో ఏమిటి? మతిగాని పోయిందా?"

"రేపటికి ఇవి ఇలా ఉండవు కదే. చిన్నాడి బూట్లు చూడు, వేళ్ల దగ్గర అప్పుడే చిరిగాయి."

ఆ ఇల్లాలు నవ్వుకొనుచు లోపలికి పోవును. కాని ఏడాది తిరిగి ఆ బూట్లు చిన్నవాని కాలికి పట్టనినాడు, ఆ ఫోటో ఎక్కడ పెట్టినారో చూపుమని అడుగునది ఆమెయే.

చేతులు వణకకుండుటకు మోచేతులను బల్లమీద గాని, తలుపు చట్రమునకు గాని ఆనించుడు. మసక వెలుతురులో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరచియుండును. రాత్రిఫోటోలు చెదరుటకు కారణమిదియే.

4. ఏమి తీయవలెనో తోచనివారు చోటును మార్చుటకంటె చోటును నిలుపుకొనుట మేలు. హంగెరీలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన ఆంద్రే కెర్టేజ్, 1977లో భార్య గతించిన పిమ్మట, ఎనుబదియేండ్లు దాటిన వయస్సులో, తన యింటి కిటికీయొద్దనే గాజు బొమ్మలను నిలిపి, వానిలోనుండి పోవు వెలుతురును తీయుచు గడిపెను. రోజునకొకటి అను నియమముతో కాకపోయినను, కిటికీని విడువలేదు. ఆయన చేతిలోనిదియు లివింగ్‌స్టన్ వాడిన ఎస్ఎక్స్-70 రకమే. ఆ ఫోటోలు 1981లో పుస్తకముగా వచ్చినవి. ప్రపంచమంతయు తిరిగినవారికే ఒక కిటికీ చాలినప్పుడు మనకు చాలదా?

మీ వీథి చివరనున్న వేపచెట్టును తీసికొనుడు. మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చును. లేత ఎరుపు చిగురు వేయును. ఉగాదికి పూత పూయును. తొలకరినాటికి పండ్లు రాల్చి నేలను జిగట చేయును. ఒకే చోట నిలిచి తీసిన ఫోటోలను వరుసగా పేర్చినచో గాని ఈ మార్పు ఎంత నెమ్మదిగా, ఎంత తటాలున జరుగునో తెలియదు. రాజమహేంద్రవరములో నుండువారికి గోదావరి కలదు: వేసవిలో ఇసుకతిన్నెలు తేలిన నది, జులై ఆగస్టులలో ఎర్రనీటితో ఒడ్డులొరసికొని పారును, మెట్ల వరుసలో ఏ మెట్టు ఎప్పుడు మునిగెనో మీ ఫోటోలే చెప్పును. హైదరాబాదులో నుండువారు ఒక నిలువు స్తంభమును ఎన్నుకొని మధ్యాహ్నము పండ్రెండు దాటిన కొద్ది నిమిషములకు దాని నీడను తీయుచు పోవుడు. మే రెండవ వారములో ఒకనాడు, ఆగస్టు మొదటి వారములో మరల ఒకనాడు, సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చి ఆ స్తంభమునకు నీడయే లేకుండ పోవును. అది ఏ తేదీయో పత్రికలో చదివి తెలిసికొనుట వేరు, మీ ఫోటోల వరుసలో మీరే పట్టుకొనుట వేరు.

ఇందులో సామాన్యముగా జరుగు పొరపాటు, నేడొకచోట రేపొకచోట నిలుచుట. నేలమీద ఒక గుర్తు పెట్టుకొనుడు. బొమ్మ అంచునకు ఒక కరెంటు స్తంభమునో, గోడ మూలనో ప్రతిదినము సరిపుచ్చుడు.

5. తీయుట సగము పని. ఎన్నుట మిగిలిన సగము. ఫిల్ము కాలములో ఒక రీలునకు ముప్పదియారు బొమ్మలు. ఇప్పుడు ఒక పుట్టినరోజు కేకు కోయుటకే ముప్పదియారు. ఫోటోలు లేక కాదు, ఏది నాది అని చెప్పలేక నేటివారు బాధపడుచున్నారు. కాబట్టి ప్రతిరాత్రి అయిదు నిమిషములు కూర్చుండి ఒక్కదానిని ఎన్నుడు. వారాంతమున ఏడు దినములవి ఒక్కసారి ఎన్నుదమనుకొనకుడు. శనివారమునాటికి మంగళవారము ముఖము చెరిగిపోవును.

ఎన్నుటెట్లు? విశాఖపట్టణములో ఒక బ్యాంకు ఉద్యోగిని కలరనుకొందము. ఉదయము సముద్రతీరమున నడచుచు సూర్యోదయమును నాలుగు విధముల తీసినారు. అందులో ఒకటి నిజముగనే మనోహరము. సాయంకాలము బ్యాంకులో తోటి ఉద్యోగికి పదవీవిరమణ సభ జరిగి, అందరును వెళ్లిన తరువాత ఖాళీ కుర్చీమీద మిగిలిన పూలదండను తొందరలో ఒకటి తీసినారు. ట్యూబులైటు వెలుతురులో అది పసుపుపచ్చగా వచ్చినది. ఏది ఉంచవలెను? అందమును అడిగినచో సూర్యోదయము గెలుచును. "ఈ రోజు మరియొక రోజు కాదని ఏ ఫోటో చెప్పును?" అని అడిగినచో కుర్చీ గెలుచును. ఈ ప్రశ్ననే అడుగుడు. సూర్యోదయమును పారవేయుమని నేననను; అది ఫోనులో ఉండనిండు. ఈ వరుసలోనికి మాత్రము కుర్చీయే రావలెను.

ఎన్నిన ఫోటోను వేరొక ఫోల్డరులో ఉంచి, 2026-01-14 అనునట్లు సంవత్సరము, నెల, తేదీ అను క్రమములో పేరు పెట్టుడు. అప్పుడవి వాటంతట అవే కాలక్రమమున కూర్చుండును. ఒక పంక్తి వ్రాయుడు. "పెళ్లిలో అందరం" అని వ్రాసినచో ఇరువదియేండ్లకు అది ఎవరి పెళ్లియో మీకే తెలియదు. ఊరును, పేర్లును వ్రాయుడు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పరిమాణము తగ్గిపోవును, తీసిన తేదీ వివరములును దానినుండి తొలగిపోవును. కావున అసలు ప్రతిని ఫోనులోను, కంప్యూటరులోను, మరియొక చోటను భద్రపరచుడు. ఫోటో నాలుగు మెగాబైట్లనుకొన్నను సంవత్సరమునకు ఒకటిన్నర గిగాబైట్లకు మించదు. చోటు చాలదను సాకు ఇక్కడ చెల్లదు.

6. ఒక దినము తప్పినచో దానిని తప్పినట్లే ఉంచుడు. మరునాడు రెండు తీసి ఒకదానికి నిన్నటి తేదీ వేయకుడు. ఆ చిన్న అబద్ధము మొత్తము వరుసపై మీకున్న నమ్మకమును పోగొట్టును; ఎవ్వరికి తెలియకున్నను మీకు తెలియును గదా. ఖాళీ చోటులో "జ్వరము" అనియో, "మరచితిని" అనియో వ్రాయుడు. లివింగ్‌స్టన్ మొదటి ఫోటోకును చివరిదానికిని నడుమ, ఆ రెండు దినములను కలిపి లెక్కించినచో, 6,784 దినములు. ప్రదర్శించిన ఫోటోలు 6,697. ఆ లోటు ఏ కారణమున ఏర్పడినను, దానిని చూపి ఆ కృషి భగ్నమైనదని అన్నవాడు లేడు. మీరు మాత్రము ఒక్క బుధవారము తప్పినదని గురువారమును కూడ ఎందుకు విడిచెదరు?

7. మనుష్యులను తీయునప్పుడు అడుగుడు. రైతుబజారులో కూరలమ్ము ఆమెను "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగి, తీసినదానిని వెంటనే ఆమెకు చూపినచో, మరుసటి వారము ఆమెయే పిలిచి నిలుచుండును. పరుల పిల్లలను తల్లిదండ్రుల అనుమతి లేక తీయరాదు. ఆస్పత్రి వార్డులలో అసలే వలదు. తిరుమల ఆలయములోనికి ఫోనును గాని కెమెరాను గాని తీసికొనిపోనీయరు. ఆనాటి ఫోటోకు, బయటికి వచ్చిన తరువాత చేతిలోనున్న లడ్డు చాలును.

8. ప్రతిదినము పదిమందికి చూపకుడు. లైకుల లెక్క మొదలైన మరుక్షణమే చెప్పులు, మీటరు, మినపపప్పు మాయమై సూర్యోదయములు తిరిగి వచ్చును. ఒక్కరికి చూపుట మాత్రము మంచిది. డాలస్‌లో చదువుకొను అమ్మాయి తెనాలిలోని తల్లికి దినమునకొక ఫోటో పంపుచున్నదనుకొందము. ఆ తల్లి చూడగోరునది ఆకాశమునంటు మేడలను కాదు, అమ్మాయి ఆనాడు తిన్న కంచమును. అట్టి చూపరి ఒక్కరున్నచో ఏమి తీయవలెనను ప్రశ్న సగము తీరును.

ముప్పది దినములు పూర్తియైన పిమ్మట మరి ముప్పది. ఇట్లు ఏడాది నిండినప్పుడు ఫోటోలన్నిటిని కంప్యూటరులోనే విడువక, నెలకొకటి చొప్పున పండ్రెండింటిని ఎన్ని, నాలుగంగుళములు ఆరంగుళముల కాగితముపై స్టూడియోలో అచ్చువేయించుడు. ఎన్నునప్పుడు ఇంటిలో మరియొకరిని కూడ వేరుగా పండ్రెండు ఎన్నుమనుడు. మీరు పూలను, వానను ఎన్నియుందురు. మీ అబ్బాయి స్కూటరును, పక్కింటి కుక్కను, మీరు మరచిన ఆ కంచమును ఎన్నియుండును. వాదింపకుడు, రెండు వరుసలను అచ్చువేయించుడు.